పిల్లల ఫోన్ గొడవ ఎక్కడ మొదలుపెట్టాలంటే, రాత్రి దగ్గర

మా ఇంట్లో "ఫోన్ లాగేసుకుంటే సరి" అనే సలహా కుదరదు. మా వారు కువైట్‌లో ఉంటారు. ఆయన డ్యూటీ దిగి, వండుకుని తిని, మంచం మీద కూర్చునేసరికి అక్కడ తొమ్మిది, మనకి పదకొండున్నర. ఆ వేళకి వీడియోలో పిల్లలు కనిపించకపోతే ఆయనకి నిద్ర పట్టదు. మా కోనసీమలో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇలాంటి ఇళ్లు ఏ వీధిలో చూసినా ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దిగి భీమవరం వైపు వెళ్తే రొయ్యల చెరువుల వాళ్ల బాధ ఇంకొకటి. అర్ధరాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, గట్టు మీద కాపలా మనిషి చేసిన ఫోన్ ఎత్తకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, అందుకని ఆ ఇళ్లలో తండ్రి దిండు పక్కనే ఫోన్ ఉండి తీరాలి. ఇక పిల్లల హోంవర్కు, ఇంటర్ మెటీరియల్, ట్యూషన్ ఉందో లేదో చెప్పే కబురు, అన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి.

అందుకే ఫోన్ ఇంట్లో ఉంటుంది, ఉండాలి అనుకునే మొదలుపెడదాం. నేను హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకి పాఠం చెబుతాను. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి. బడిలో చూసినవి, ఇంట్లో నేను చేసిన తప్పులు, వాటిని దిద్దుకున్నాక మా ఇంట్లో నిలబడిన పద్ధతి, ఇవే ఇక్కడ రాస్తున్నాను.

ఎన్ని గంటలు అన్న ప్రశ్న

పేరెంట్స్ మీటింగ్ పెడితే అందరూ అడిగే మొదటి మాట "రోజుకి ఎన్ని గంటలు చూడనివ్వచ్చండీ?" దీనికి పెద్ద పెద్దవాళ్లే ఒక్క జవాబు చెప్పలేదు. 2023 మే నెలలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ఆ ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్) వివేక్ మూర్తి ఒక హెచ్చరిక విడుదల చేశారు, సోషల్ మీడియాలో రోజుకి 3 గంటలు దాటి గడిపే పిల్లల్లో దిగులు, ఆందోళన లాంటి ఇబ్బందులు వచ్చే ప్రమాదం రెట్టింపు ఉందని అందులో ఉంది. దానికి ముందు 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ మూడున్నర లక్షల మందికి పైగా పిల్లల లెక్కలు తీసి చూస్తే, పిల్లల మనసు బాగుండటంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమేనని తేలింది. రెండూ నిజమైన లెక్కలే. లక్షల మందిని కలిపి సగటు తీస్తే తేడా చిన్నగానే కనిపిస్తుంది, కానీ ఆ లక్షల్లో బాగా దెబ్బతినే పిల్లలు కొందరు ఉంటారు. పైగా ఫోన్ వల్ల దిగులు వచ్చిందా, దిగులుగా ఉండి ఫోన్ పట్టుకున్నారా అన్నది ఇలాంటి లెక్కలతో విడదీయడం కష్టం. మన పిల్ల ఆ కొందరిలో ఉందా లేదా అన్నది గంటలు లెక్కపెడితే తెలియదు, పిల్లని చూస్తేనే తెలుస్తుంది.

వయసు సంగతి కూడా ఒకటి చెప్పాలి. అదే ఆర్బెన్ బృందం 2022లో బ్రిటన్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, సోషల్ మీడియా వాడకం పెరిగితే ఏడాది తర్వాత తృప్తి తగ్గడం అనేది ఆడపిల్లల్లో 11 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 14, 15 ఏళ్లప్పుడు ఎక్కువగా కనబడింది. మన బడి లెక్కలో అయితే ఆడపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది తరగతులు, మగపిల్లలకి తొమ్మిది, పది. మనం ఏమో పదో తరగతి అయ్యేదాకా ఆడపిల్లకి సొంత ఫోన్ ఇవ్వలేదు కదా, ఇంకేం భయం అనుకుంటాం. అమ్మ ఫోన్‌లోనే ఆ పిల్లకి ఇన్‌స్టాగ్రామ్ ఉంటుంది, అమ్మకి తెలియదు. మా పాపది అలాగే బయటపడింది.

కాబట్టి గంటల బదులు ఈ నాలుగు చూడండి. నిద్ర ఎలా ఉంది, తిండి దగ్గర ఎలా కూర్చుంటున్నారు, ఒంటికి చెమట పట్టే ఆట రోజులో ఒక్కసారైనా ఉందా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నారా. ఈ నాలుగూ బాగుంటే మిగతా సమయంలో క్రికెట్ హైలైట్స్ చూసినా, మొబైల్ గేమ్ ఆడుకున్నా నేను ఏమీ అనను. నాలుగింటిలో ఏదో ఒకటి తరిగిపోతుంటే, రోజుకి గంటే చూస్తున్నా సరే, ఆ గంట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి.

పదో రోజు కూడా కావాలనిపించేది ఏది

2022 మే నెలాఖరులో జిల్లా పేరు విషయమై అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, దాదాపు రెండు వారాలు అలాగే గడిచింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి వెళ్లి కూర్చున్నారు. అప్పుడు మా బాబుకి పదమూడేళ్లు. మొదటి రెండు రోజులు ఇంట్లో కాలు నిలవలేదు, ఊరికే ఫోన్ తెరిచి మూసి తెరిచి మూసి చూసుకునేవాడు. మూడో రోజు సాయంత్రం దాళ్వా కోతలు అయిపోయిన చేలో క్రికెట్ ఆడి మోకాలు చెక్కుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి రీల్స్ మాటే ఎత్తలేదు. కానీ పదో రోజున, అన్నం తింటూ, "నాన్న మొహం చూసి ఎన్ని రోజులైందమ్మా" అన్నాడు. మామూలు ఫోన్ కాల్స్ కలుస్తూనే ఉన్నాయి, మాట వినిపిస్తోంది, అయినా వాడికి మొహం కావాలి.

అప్పటి నుంచి ఫోన్‌లో ఉన్న ప్రతిదాన్నీ నేను ఇదే ప్రశ్నతో చూస్తాను. నెట్ పోతే పదో రోజున కూడా దీనికోసం మనసు లాగుతుందా? మీరు కూడా ఒక ఆదివారం మీ పిల్లతో కూర్చుని ఫోన్‌లోని యాప్‌లు ఒక్కొక్కటే చూస్తూ అడగండి. తీర్పు మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి. మా పాప తన ముగ్గుల వీడియోలు, పెద్దమ్మ కూతుళ్లతో ఉన్న గ్రూపు కావాలంది, ఇన్‌స్టాగ్రామ్ దగ్గర కాసేపు ఆగి "అది చూశాక నాకు ఎందుకో బాగోదమ్మా, కానీ చూడకుండా ఉండలేను" అంది. పదమూడేళ్ల పిల్ల నోటి నుంచి ఆ మాట రావడానికి నేను ఎన్ని లెక్చర్లు ఇచ్చినా కుదిరేది కాదు.

చూడకుండా ఉండలేకపోవడం పిల్లల బలహీనత కాదని వాళ్లకి చెప్పాలి. మన కాలవలకి ప్రతి కొంత దూరానికీ లాకు ఉంటుంది, నీళ్లు అక్కడ ఆగుతాయి, అవసరం చూసుకుని వదులుతారు. పుస్తకానికి పేజీ చివర ఉంటుంది, సినిమాకి ఇంటర్వెల్ ఉంటుంది. రీల్స్‌కి, షార్ట్స్‌కి అలాంటి ఆగే చోటు లేకుండా చేశారు, వేలు పైకి జరిపితే ఇంకొకటి వస్తూనే ఉంటుంది. తర్వాత వచ్చేది నచ్చుతుందో లేదో తెలియకపోవడమే మనిషిని కూర్చోబెట్టేస్తుంది. మనం చేయాల్సిన పని ఆ లాకు మళ్లీ కట్టడం.

రాత్రి

ఇక్కడే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది ఒక్కటి కుదిరితే మిగతావి సగం వాటంతటవే కుదురుతాయి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఈ వయసులో ఒంట్లోని గడియారం సహజంగానే కొంచెం వెనక్కి జరుగుతుంది, పదింటికి పడుకోమంటే నిద్ర రాదు, అది బద్ధకం కాదు. కానీ కాలేజీ బస్సు ఏడింటికే వస్తుంది. మెలకువగా ఉన్న ఆ గంటలో చేతిలో ఫోన్ ఉంటే పదకొండు కాస్తా ఒంటిగంట అవుతుంది, ఆరింటికి లేపితే నిద్ర ఐదు గంటలే. మా బడిలో సోమవారం మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చే పిల్లల్ని నేను పక్కకి పిలిచి మెల్లగా అడుగుతాను, ఆదివారం రాత్రి సంగతి చాలామంది దాచకుండానే చెబుతారు.

నేను మొదట చేసిన తప్పు చెప్పాలి. బాబు ఇంటర్‌లో చేరిన కొత్తలో అర్ధరాత్రి లేచి చూస్తే దుప్పటి కింద వెలుగు. లాక్కుని, అరిచి, బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆ తర్వాత మామూలుగా అయ్యాడని సంతోషించాను. నెల తర్వాత తెలిసింది, స్నేహితుడి దగ్గర అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి తెచ్చుకుని తలగడ కవరులో దాచుకుంటున్నాడు. దాచిన ఫోన్ మనకి కనిపించే ఫోన్ కంటే ప్రమాదం, ఎందుకంటే దాంట్లో ఏదైనా జరిగితే వాడు మనకి చెప్పలేడు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. హాల్లో టీవీ పక్కన ఒకే చోట ఛార్జింగ్ పాయింట్, ఇంట్లో ఫోన్లన్నీ రాత్రి అక్కడే, నాది కూడా. పడక గదుల్లో ఛార్జర్ ఉండదు. మామూలు రోజుల్లో పదింపావుకి ఫోన్లు అక్కడికి చేరాలి. "అలారం కోసం కావాలి" అనే మాట వస్తుంది కాబట్టి బజారుకి వెళ్లి బ్యాటరీ అలారం గడియారం ఒకటి కొని తెచ్చాను. నాన్న కాల్ విషయం మా వారితో మాట్లాడి మార్చుకున్నాం. వారంలో ఐదు రోజులు ఆయన డ్యూటీకి వెళ్లేముందు, మన ఉదయం పిల్లలు టిఫిన్ తినే వేళకి, ఐదు నిమిషాలు కనిపిస్తారు. గురువారం, శుక్రవారం రాత్రులు మాత్రం పదకొండున్నర కాల్ ఉంటుంది, ఆయనకి శుక్రవారం సెలవు. ఆ కాల్ హాల్లో అందరూ కూర్చునే మాట్లాడతాం, కాల్ కాగానే ఫోన్ అక్కడే ఛార్జింగ్‌లోకి వెళ్తుంది, గదిలోకి కాదు. ఈ మార్పు ఆయనకి మొదట కష్టమనిపించింది, నాకూ బాధగానే ఉండేది, కానీ పిల్లలు నిద్ర మొహాలతో ఆవలిస్తూ మాట్లాడటం కంటే పొద్దున్న ఇడ్లీ తింటూ నవ్వుతూ మాట్లాడటం బాగుందని ఆయనే అన్నారు.

చెరువుల వాళ్లకి, రాత్రి డ్యూటీల వాళ్లకి నా సలహా కీప్యాడ్ ఫోన్. గట్టు మీద నుంచి వచ్చే కాల్‌కి అది చాలు. స్మార్ట్‌ఫోన్ హాల్లో పెట్టి కీప్యాడ్ ఫోన్ దిండు పక్కన పెట్టుకోండి. "నాన్నది మాత్రం మంచం మీదే ఉంటుందిగా" అని పిల్ల అడిగినప్పుడు మీ దగ్గర న్యాయమైన జవాబు ఉండాలి. పెద్దవాళ్లు పాటించని రూలు ఈ వయసు పిల్లల ముందు వారం కూడా నిలవదు.

మొదటి మూడు నాలుగు రోజులు కష్టం. నిద్ర రావట్లేదని అటూ ఇటూ తిరుగుతారు, కసురుకుంటారు. లైటు వేసుకుని ఏదైనా చదువుకోనివ్వండి, వేసవిలో అయితే డాబా మీద పక్కలు వేయండి, మాటలు అవే వస్తాయి. శనివారం రాత్రి మేము ఒక గంట వదిలేస్తాం. సంక్రాంతి మూడు రోజులు రూలే లేదు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ఫోటోలు తీసుకోకుండా ఎవరుంటారు?

సెట్టింగులు, త్వరగా

ఇవి పిల్లల పక్కన కూర్చుని వాళ్ల చేతే పెట్టించండి, వాళ్లకే బాగా తెలుసు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, అందులో ఏ యాప్‌కి ఎన్ని నిమిషాలో పెట్టుకోవచ్చు, బెడ్‌టైమ్ మోడ్ పెడితే చెప్పిన వేళకి స్క్రీన్ నలుపు తెలుపులోకి మారిపోతుంది, రంగు పోతే రీల్స్ మీద మోజు చాలా తగ్గుతుంది. ఐఫోన్‌లో దీన్నే స్క్రీన్ టైమ్ అంటారు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి. చూసిన హిస్టరీ చెరిపేసి ఆపేస్తే హోమ్ పేజీలో వీడియోలు రావడం మానేస్తాయి, పాఠాల ఛానెళ్లు సబ్‌స్క్రైబ్ చేసుకుని వాటి దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు. మా బాబుకి ఫిజిక్స్ పాఠం వెతకబోయి గంట పోగొట్టుకునే అలవాటు దీనితోనే తగ్గింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకి టీన్ అకౌంట్ అని పెట్టారు, మన దేశంలో 2025లో వచ్చింది. రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 ఏళ్లలోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. అయితే పుట్టిన తేదీ నిజం చెబితేనే ఇదంతా. అకౌంట్ తెరిచి ఏ సంవత్సరం పెట్టారో ముందు చూడండి. వాట్సాప్‌లో ప్రైవసీకి వెళ్లి, గ్రూపుల్లో చేర్చే వీలు కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే ఉంచండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా మామూలు గేముల్లో డైమండ్లు, డ్రెస్సులు కొనడం ఉంటుంది కాబట్టి యూపీఐ పిన్ పిల్లలకి చెప్పకండి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

రూలు పెట్టేటప్పుడు మాట

రూలు చెప్పే సమయం గొడవ జరుగుతున్న సమయం కాకూడదు. మార్కులు వచ్చిన రోజు అసలే కాకూడదు. భోజనాలయ్యాక, అందరూ కాస్త తీరికగా ఉన్నప్పుడు, "నాకు టెన్షన్‌గా ఉంది నాన్నా, నువ్వు సరిగ్గా పడుకోవట్లేదు, ఏం చేద్దాం చెప్పు" అని అడగండి. "ఎదురింటి అబ్బాయిని చూడు" అనే మాట తీసుకురావద్దు. వాళ్లకి వాళ్లు చెప్పిన టైము మీరు అనుకున్నదానికంటే అరగంట ఎక్కువైనా ఒప్పుకోండి, వాళ్లు ఒప్పుకున్న రూలు నిలబడుతుంది. ఫోన్‌లో ఆట తీసేస్తే ఆ చోట ఇంకొకటి పెట్టాలి. సాయంత్రం షటిల్ బ్యాట్ కొనిచ్చినా, కొబ్బరి దింపు రోజున కాయలు లెక్కపెట్టే పని అప్పజెప్పినా, మేనత్త ఊరికి సైకిల్ మీద పంపినా సరే. మా బాబు మధ్యలో రెండుసార్లు రూలు తప్పాడు. నేను ఫోన్ లాక్కుని దాచలేదు, మర్నాడు అరగంట ముందు ఛార్జింగ్‌లో పెట్టించాను, అంతటితో ఆపేశాను.

ఫోటోల బెదిరింపు

ఇది ప్రతి ఇంట్లో ముందే మాట్లాడి ఉంచాలి, ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లలో, మగపిల్లలకీ ఇది జరుగుతోంది. ఎవరో పరిచయమై, ఫోటో అడిగి, తర్వాత డబ్బు ఇవ్వకపోతే అందరికీ పంపుతానంటారు. పిల్లకి అప్పుడు బెదిరించేవాడి కంటే మన భయమే ఎక్కువ, "అమ్మకి తెలిస్తే చదువు మాన్పించేస్తారు" అనుకుంటుంది. అందుకే ఏమీ జరగకముందే చెప్పండి: ఏం జరిగినా నాకు చెప్పు, నిన్ను తిట్టను, చదువు మాన్పించను. చెప్పాక ఆ మాట మీద నిలబడండి. డబ్బు పంపకండి, మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లల సహాయానికి 1098 ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో, లైంగిక వేధింపుల నుంచి వాళ్లని కాపాడే పోక్సో చట్టం వర్తిస్తుంది, పిల్ల పేరు, ఊరు బయటికి రానివ్వకూడదని ఆ చట్టమే చెబుతోంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

రూలు పెడితే విసుక్కోవడం మామూలే. కానీ రెండు వారాలుగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం, ఇష్టమైన ఆట, ఇష్టమైన కూర కూడా వద్దనడం, ఊరికే ఏడవడం, చేతుల మీద గాట్లు కనిపించడం, "నేను లేకపోతే మీకే బాగుంటుంది" లాంటి మాట, ఇవి ఫోన్ గొడవ కాదు. అప్పుడు ఫోన్ గురించి వాదించడం మానేయండి. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి విన్నా రెండు వారాలు చూడకండి, పిల్లని ఒంటరిగా వదలకుండా ఆ రోజే సాయం తీసుకోండి. ఫోన్ ఆటల విషయానికొస్తే, ఆపలేకపోవడం, అన్నింటికంటే ఆటే ముందు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఈ మూడూ మామూలుగా ఏడాది పాటు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అనే జబ్బుగా లెక్కిస్తుంది, 2022 జనవరి నుంచి అది వాళ్ల జబ్బుల జాబితాలో అమల్లో ఉంది. ఏడాది నిండేదాకా ఆగమని దానర్థం కాదు.

మనసు బాగోనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళప్పుడు చేసినా డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు, మీరు చేయొచ్చు, పిల్లలే చేయొచ్చు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వీధిలో వాళ్లు ఏమనుకుంటారో అని ఆగకండి, జ్వరానికి ఆగుతామా? 14416, 1098, 1930 ఈ మూడు నంబర్లూ మా వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కన రాసి ఉన్నాయి, పిల్లలు నన్ను అడగకుండానే చూసుకోగలిగే చోట.